వాసన వచ్చింది

పూతకు ముందు, తొమ్మిదో రోజు

అధికారిక చిట్టాలో ఈరోజు రాసింది: "పదకొండు. మొగ్గ. జానెడు."

మూడు మాటలు. నాలుగో మాట ఉంటే చదువరి చీటీని వెనక్కి తోసేస్తుంది. చదువరి అంటే నివాసాల వైపు ఉన్న యంత్రం. మా షెడ్డు నుంచీ, వంటశాల నుంచీ, నీళ్ళ గది నుంచీ వెళ్ళే చీటీలన్నీ అదే చదువుతుంది. ఉత్తర్వులు అదే రాస్తుంది. మనుషులు కింద సంతకం పెడతారు.

మూడు మాటల్లో పట్టనిది ఇక్కడ రాసుకుంటున్నాను. వంటశాల వాళ్ళు పారేసిన భోజనాల పట్టీలు ఇవి. వెనకవైపు ఖాళీ.

పదకొండు అంటే పదకొండో తొట్టెలోని దుంప. రాకాసి కంద. కూరకంద జాతే కానీ తినడానికి పనికిరాదు. ముక్క నోట్లో పెడితే గొంతు వాచిపోతుంది. షెడ్డు పెంపకందారు గవరయ్య దాన్ని పిడికెడు పిలకగా ఉన్నప్పుడు నాటాడు. ఏడేళ్ళయింది. కిందటేడు మట్టి మార్చేటప్పుడు గొలుసుకి వేలాడదీసి తూచాం. డెబ్బై మూడు కిలోలు. ఇన్నేళ్ళూ ఆకు వేసింది, ఆకు ఎండింది, పడుకుంది. ఈసారి లేచింది ఆకు కాదు.

"మొగ్గేనంటావా?" అని రెండు వారాలు నన్ను అడుగుతూనే ఉన్నాడు. తెలియక కాదు. నా నోట వినాలని.

"మొగ్గే," అన్నాను.

"పేరేమో సుభాషిణి. మాట్టాడమంటే ఒక్క ముక్క. సీటీ రాసుకుంటాది," అని తొట్టెతో చెప్పాడు.

పూతకు ముందు, ఏడో రోజు

దీపాలు తిప్పాం. రాకాసి కంద రాత్రిపూట కంపు కొడుతుంది. ఈగలేమో పగలు తిరుగుతాయి. అందుకని మొగ్గ లేచిన తొట్టె చుట్టూ నల్లగుడ్డ కట్టి, లోపల రాత్రంతా దీపాలు వెలిగించి, పగలు ఆర్పేస్తాం. దుంపకి పగలే రాత్రి. వారం రోజుల్లో నమ్ముతుంది.

తర్వాత చేతులకు నూనె రాసుకుని పిలకలు వేరుచేశాం. నూనె ఉన్నా దురదే. చింతపండు నీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చున్నాం.

నేను ఇక్కడికి వచ్చి పదమూడు నెలలు. ఊపిరి జబ్బు ప్రబలిన ఏళ్ళలో అందరి ముక్కుల్లో మందు చుక్కలు వేశారు. జబ్బు ఆగింది, వాసన తెలియడం కూడా ఆగింది. కాన్వెంటులో చుక్కలు వేసిన మూడుసార్లూ నాకు జ్వరం. నాలుగోసారికి మందు అయిపోయింది. అలా నాకు ముక్కు మిగిలింది. చదువు పూర్తయ్యాక నన్ను చదువు గదిలో, పుస్తకాల దగ్గర వేస్తారనుకున్నాను. ముక్కున్నవాళ్ళకి ఉన్నది ఈ షెడ్డు ఒక్కటే అన్నారు. పువ్వు ఎప్పుడు తయారైందో పసిగట్టడానికి ముక్కు కావాలి.

గవరయ్యకి చుక్కలు వేయలేదు. అప్పుడాయన సముద్రంలో ఉన్నాడట, చివరి పడవల్లో. ఆయన భార్య ఆదెమ్మ ఒడ్డున ఉంది. ఆమెకి వేశారు.

పూతకు ముందు, ఆరో రోజు. ఆదివారం

ఆదివారాలు మాకూ నివాసాలకీ మధ్య ఉన్న అద్దం గోడ దగ్గరికి వెళ్ళొచ్చు. మా వైపునా వాళ్ళ వైపునా నేలమీద గీత ఉంటుంది, అద్దానికి ఆరడుగుల దూరంలో. మాట్లాడటానికి గోడలోంచి గీత దాకా వచ్చే గొట్టం. అద్దం ఒక జానెడు మందం. గాలి అటూ ఇటూ రాదు. అయినా గీత ఉంది. అటువైపు కాపలావాడు మమ్మల్ని చూడగానే ముక్కుకి రుమాలు కట్టుకుంటాడు.

"రుమాలెందుకయ్యా? నీ ముక్కు అలంకారానికే గదా!" అంటాడు గవరయ్య ప్రతివారం. వాడు ప్రతివారం ముఖం తిప్పుకుంటాడు. వాడు పుట్టాక ఒక్క వాసన కూడా ఎరగడు. మేం కంపు కొడతామని మాత్రం ఎరుగుదును అంటాడు.

ఆదెమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కాళ్ళు బాగా వాచాయి. కిందటివారం కంటే ముఖం పాలిపోయింది.

"ఏటి మావా, నీ రాకాసి ఏటంటాది?"

"మూరెడయినాది. ఇంకో వారం."

"ఏడేళ్ళ నుంచీ ఇంకో వారమే."

"ఈపాలి నిజమేనే. ఈ గుంటనడుగు."

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"నాకు వోసనే తెల్దు గదా, నిన్ను నాకాడికి రానీకుండా ఈళ్ళకేటి బాధ?" అంది ఆదెమ్మ. "మంచం సగం కాలీగా ఉంటాది. రాత్తిరి నీళ్ళు కావాలంటే గోడని పిలవాలి."

గవరయ్య నవ్వాడు.

నియమం ఇది: మామిడి పూత కాలంలో పువ్వు విప్పించిన పెంపకందారుకి శుద్ధి పత్రం ఇస్తారు. అది ఉంటేనే షెడ్డు వాళ్ళు నివాసాల్లో ఉండొచ్చు. దుంప ఏడేళ్ళకి ఒకసారి లేస్తుంది. గవరయ్యకి అరవై నాలుగు. వైద్యురాలు ఆదెమ్మకి వర్షాకాలం దాకా అని చెప్పిందట. అది ఆయన నాతో చెప్పలేదు. గొట్టం దగ్గర నిలబడితే అందరివీ వినిపిస్తాయి.

ఆదెమ్మ కుర్చీ వెనక చదువు గది తలుపు ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా అల్మారాల చివర కనిపిస్తుంది. నేను అద్దం దగ్గరికి ఎందుకు వెళతానో నాకు తెలుసు. గవరయ్యకి తోడు వెళతానని ఆయన అనుకుంటాడు.

పూత, రెండో రోజు

తోట పూసింది. అద్దాల తోటలో ఆరొందల చెట్లు. పూత నిండుగా ఉండేది పన్నెండు రోజులు.

తేనెటీగలు నేను పుట్టకముందే పోయాయి. మామిడికి ఈగలే దిక్కు. పూర్వం రైతులు తోటలో చచ్చిన చేపలు కట్టి ఈగల్ని పిలిచేవాళ్ళని గవరయ్య చెబుతాడు. ఇప్పుడు చేపలు లేవు. రాకాసి కందని తోట నడుమ పెడితే ఈగలు దాని కోసం ఎగిరొస్తాయి, దారిలో పూత మీద వాలతాయి. కిందటి మూడేళ్ళు ఏ దుంపా సమయానికి లేవలేదు. పిల్లల చేత కుంచెలతో పుప్పొడి రాయించారు. పదో వంతు కాయ కూడా నిలవలేదు. తాండ్ర రెండు నెలలకే అయిపోయింది. ఇక్కడి పిల్లలకి తీపి అంటే అదొక్కటే.

మొగ్గ ఇప్పుడు నా భుజం దాకా ఉంది. కానీ రెండు రోజుల నుంచి పెరగడం లేదు. చలి. తొట్టె చుట్టూ వేడినీళ్ళ కుండలు పెట్టాం. అవి చల్లారగానే మారుస్తున్నాం. గవరయ్య తన దుప్పటి కూడా దానికే కప్పాడు.

చిట్టాలో: "పదకొండు. ఎదుగుదల. ఆగింది."

పూత, ఐదో రోజు

"పదకొండు. పెరిగింది. బెత్తెడు."

గవరయ్య గడ్డం గీసుకున్నాడు.

పూత, ఏడో రోజు

పొద్దున నల్లగుడ్డ లోపలికి చేయి పెట్టి మొగ్గని తాకాను. వెచ్చగా ఉంది, జ్వరం ఉన్న మనిషి నుదురులా. విప్పుకునే ముందు ఇది ఒళ్ళు కాచుకుంటుంది. గుడ్డ దించాను.

అప్పుడు వచ్చింది. ముందు ఎండుచేపలు ఉడికించిన నీళ్ళలా. తర్వాత గోడ సందులో చచ్చిన ఎలుక. ఆ తర్వాత చెప్పడానికి మాట లేనిది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. లోపలికి పీల్చి, తల వెనక్కి వాల్చి, ఇంకోసారి పీల్చాడు.

"వొచ్చీసింది! వోసనొచ్చీసిందే అమ్మీ!" అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. "రాయి, రాయి. ఇచ్చుకుందని రాయి. తోటకి మొయ్యడానికి బండి రావాలి."

విచ్చుకుందని రాయబోయాను. రాయలేదు. అంచు రెండు వేళ్ళ సందు మాత్రమే విడింది. పువ్వు ఇంకా విచ్చుకోలేదు. కాన్వెంటులో మాకు రాయడం నేర్పిన సిస్టర్ ఇమ్మాక్యులేటా, చూడనిది రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేది. జరిగింది రాయి, జరగబోయేది కాదు అనేది. నాకు ఎప్పుడూ ఎర్రగీత పడలేదు.

జరిగింది రాశాను: "పదకొండు వాసన వచ్చింది."

మూడు మాటలు. చదువరి వెంటనే తీసుకుంది.

అదేరోజు, తర్వాత

గంటలోపే బండి వచ్చింది. ఎప్పుడూ అంత త్వరగా రాదు. బండివాడు పోలినాయుడూ ఇంకొకడూ తోసుకొచ్చారు. ఇద్దరి మూతులకీ రుమాళ్ళు. గవరయ్య ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

తొట్టెని బండి ఎక్కించడానికి ఆయనే తాళ్ళు కట్టాడు. ఆయనే కింద భుజం పెట్టాడు. "నెమ్మది, నెమ్మది. కుదుపొద్దు నాయనా, పచ్చి బాలింత లాటిది," అంటూనే ఉన్నాడు. మొగ్గకి దెబ్బ తగలకుండా తన దుప్పటి చుట్టాడు. ఇంత జాగ్రత్త ఎందుకో పోలినాయుడికి అర్థం కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. ముసలాయన చాదస్తం అనుకుని ఉంటాడు.

షెడ్డు దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడివైపు తోట. ఎడమవైపు సున్నపు గొయ్యి. బండి ఎడమకి తిరిగింది.

"ఓలయ్యా, తోట ఇటు!" గవరయ్య నవ్వుతూనే అన్నాడు. "కళ్ళు కూడా పోనాయేటి?"

పోలినాయుడు ఆగాడు. జేబులోంచి ఉత్తర్వు తీసి చదివాడు.

"పదకొండు. పాడైంది. పూడ్చు."

గవరయ్య నా వైపు చూశాడు. చదువుకున్నదాన్ని నేను కదా.

నాకు అప్పుడు అర్థమైంది. పప్పు వాసన వచ్చింది. కూర వాసన వచ్చింది. మజ్జిగ వాసన వచ్చింది. ఏళ్ళ తరబడి వంటశాల చిట్టాలు చదివి చదువరి తెలుగు నేర్చుకుంది. వాసన వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. అవతల పారబోయాలి.

"పాడవలేదు. అది... అలా కాదు," అన్నాను.

పోలినాయుడు చెడ్డవాడు కాదు. "ఫోను చేద్దాం తల్లీ, ఆయన్నే అడుగుదువు గాని," అన్నాడు. దారి చీలికలో స్తంభానికి ఫోను ఉంది. అవతల సూపర్నెంటు శేషఫణిగారు. పోలినాయుడు విషయం చెప్పి, రిసీవరు నా చేతిలో పెట్టాడు. నేను అంతవరకు ఫోనులో ఎవరితోనూ మాట్లాడలేదు. పదమూడు నెలల్లో ఆయనకి చీటీలే పంపాను.

"చిట్టా రాసేది నువ్వేనా?"

"అవునండీ."

"ఇందులో వాసన వచ్చిందని ఉంది. నువ్వే రాశావా?"

"నేనేనండీ. కానీ..."

"కానీలు తర్వాత. నాకు ముక్కు లేదు, నీకుంది. ఒక్కమాటలో చెప్పు. వాసన వచ్చిందా, రాలేదా?"

రాలేదు అనాలి. అది ఒక్క అబద్ధం. నా చుట్టూ అంతా ఆ కంపే ఉంది. పోలినాయుడి బండి చుట్టూ ఈగలు మూగుతున్నాయి. గవరయ్య నా పెదాల వైపే చూస్తున్నాడు.

"వచ్చిందండీ," అన్నాను.

"మరింకేం," అని పెట్టేశారు.

మళ్ళీ చేసి ఉండొచ్చు. అరిచి ఉండొచ్చు. నేను ఫోను తిరిగి కొక్కేనికి సరిగ్గా తగిలించాను. అది వంకరగా ఉందని రెండోసారి సరిచేశాను కూడా.

గవరయ్య బండికి అడ్డం నిలబడ్డాడు. వాళ్ళు ఆయన్ని కొట్టలేదు. ఆయన్ని తాకడమే ఇష్టం లేదు వాళ్ళకి. తెడ్డు కర్రతో పక్కకి జరిపారు. ఆయన బండి చక్రం పట్టుకున్నాడు. వేలు నలిగింది. తొట్టెని గొయ్యిలోకి ఒరిగించినప్పుడు దుంప మట్టితో సహా జారింది. మొగ్గ కాడ విరిగింది. విరిగినచోట లోపల ఎర్రగా, తడిగా ఉంది. ఎక్కడా కుళ్ళు లేదు. సున్నం పోశారు.

పూత, ఎనిమిదో రోజు

పువ్వు సున్నం కిందే విప్పుకుంది. వాసన చెప్పింది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఈ మధ్యాహ్నం దాకా ఇక్కడంతా కంపు. తెలిసింది మా ఇద్దరికే.

ఈగలు తోటలో లేవు. అన్నీ గొయ్యి మీదే. సున్నం తెల్లగా ఉండాల్సింది నల్లగా కదులుతోంది.

శేషఫణిగారికి దిద్దుబాటు చీటీ పంపాను. "పదకొండు పాడవలేదు. పొరపాటు." మధ్యాహ్నానికి చదువరి జవాబు వచ్చింది: "పదకొండు జాబితాలో లేదు."

గవరయ్య, తొట్టె తీసేసిన చోట నేల ఊడ్చాడు. నలిగిన వేలికి నేను గుడ్డ కట్టాను. ఏమైనా అంటాడని ఎదురుచూశాను. నా పేరు మీద వేసే జోకు అయినా వేస్తాడని.

"మంచి దుంప," అన్నాడు. అంతే.

పూత, పదకొండో రోజు

శేషఫణిగారు స్వయంగా వచ్చారు. గీత లేదిక్కడ కాబట్టి ఆరడుగుల దూరం అంగలతో కొలుచుకుని నిలబడ్డారు. మొదటిసారి చూశాను. నేననుకున్నంత పెద్దవారు కాదు. మాట మర్యాదగానే ఉంది.

"చూడమ్మా, యంత్రం తప్పు చేయలేదు. నువ్వూ తప్పు చేయలేదు. నువ్వు రాసింది నిజం, అది చదివింది నిజం. పాడైనట్టు చిట్టాలో ఎక్కేసింది. ఇప్పుడు దాన్ని మంచి దుంప అంటే ఏమవుతుంది? మంచి దుంపని పూడ్పించినందుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. బండికి తాళ్ళు కట్టింది ఎవరు? ఎక్కించడానికి భుజం పెట్టింది ఎవరు? పోలినాయుడు అంతా చెప్పాడు."

గవరయ్య వెనక పిలకలకి నీళ్ళు పోస్తున్నాడు. విన్నాడు. నీళ్ళు పోయడం ఆపలేదు.

శేషఫణిగారు ఒక కవరు నేలమీద పెట్టి వెనక్కి జరిగారు. నేను వెళ్ళి తీసుకున్నాను. శుద్ధి పత్రం. నా పేరు మీద. "కుళ్ళును సకాలంలో గుర్తించి మిగతా దుంపలను కాపాడినందుకు." చదువు గదిలో పాత చిట్టాలు సర్దే పని. రేపటి నుంచి.

"చదువుకున్న పిల్లవి. ఇక్కడ ఉండాల్సినదానివి కాదు," అన్నారాయన.

ఈ మాట ఎవరైనా అనాలని పదమూడు నెలలు కోరుకున్నాను.

ఆయన వెళ్ళాక కవరు గవరయ్య ముందు పెట్టాను. "నేను వెళ్ళను," అన్నాను.

"ఎల్లవేటి? నువ్వు ఎల్లకపోతే ఇది నా పేరు మీదకి మారుతాదేటి?"

పత్రం మీద నా పేరు మళ్ళీ చదివాను.

"ఎల్లు. అది ఒక్కర్తే ఉంది. రాత్తిరి దాహమేత్తే నీళ్ళియ్యి."

ఆయన చెప్పాడని వెళుతున్నాను. ఇది నిజం. చదువు గది తలుపు కోసం కూడా వెళుతున్నాను. ఇదీ నిజం. ఎవరూ ఎర్రగీత కొట్టేవాళ్ళు లేరు కాబట్టి రెండూ రాస్తున్నాను.

నివాసాలు, ఐదో రోజు. ఆదివారం

లోపలికి రానిచ్చే ముందు మూడుసార్లు స్నానం చేయించి, నా బట్టలు కాల్చేశారు. ఈ పట్టీలు జోడులో పెట్టుకుని తెచ్చాను.

ఆదెమ్మ గదిలోనే పడుకుంటున్నాను. మంచం మీద కాదు, నేల మీద. రాత్రి రెండుసార్లు నీళ్ళు ఇస్తాను. ఆమెకి నేనేం రాశానో చెప్పాను. అంతా చెప్పాను, మూడు మాటల్లో కాదు. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, "కొంచెం కాళ్ళు పట్టు," అంది.

పూత రాలిపోయింది. నిన్న కుంచెలు పట్టుకుని పిల్లలు తోటలోంచి తిరిగొచ్చారు. చెట్టుకి ఎన్ని పిందెలున్నాయని ఎవరూ చెప్పుకోవడం లేదు.

చదువు గదిలో నాకొక బల్ల ఇచ్చారు. పక్క బల్ల ఆమె తన బల్లని కొంచెం దూరం జరుపుకుంది. ఆమెకి వాసన తెలియదు. నేనెక్కడి నుంచి వచ్చానో తెలుసు.

ఈరోజు కుర్చీ తోసుకుంటూ ఆదెమ్మని అద్దం దగ్గరికి తీసుకెళ్ళాను. గవరయ్య అప్పటికే గీత అవతల ఉన్నాడు. ఉతికిన చొక్కా. వేలికి నేను కట్టిన గుడ్డ మార్చలేదు, మురికిపట్టింది. కాపలావాడు రుమాలు కట్టుకున్నాడు. గవరయ్య వాడిని ఏమీ అనలేదు.

"పన్నెండో దుంప ఎలాగుంది మావా?" అంది ఆదెమ్మ.

"పడుకుంది. నాలుగైదేళ్ళు పడతాది."

"అయితే పర్లేదు," అంది ఆదెమ్మ.

ఆమెకి ఆయాసం వచ్చింది. గొట్టం నా చేతికిచ్చి, మాట్లాడమన్నట్టు తల ఊపింది. నేను గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. రాత్రి తలలో వరసగా పెట్టుకున్నాను కూడా.

నాకంటే ముందు ఆయనే మాట్లాడాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గీతకి ఇంకో అడుగు వెనక్కి జరిగాడు.

"బాగున్నారా అమ్మా?" అన్నాడు. "మీకేటీ ఇబ్బంది లేదు గదండి?"